తల్లిదండ్రులకు వణుకురోగము – పిల్లల సంరక్షణలో పంచాయతీ కర్తవ్యము
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ప్రచారాధికారి గావించిన ప్రసంగ పాఠము)



రోడ్లు, మురుగుకాలువలు, వీధిదీపములు, త్రాగునీరు – పంచాయతీ సమావేశమనగానే మన మనస్సున మెదలు విషయములివి. ఇవి కంటికి కనబడునవి, కొలతకు వచ్చునవి, అంచనా వేసి పద్దు వ్రాయదగినవి. ఈనాడు నేను మీ ముందుంచబోవు విషయము ఏ పద్దులోను చేరనిది. ఏ అర్జీలోను కనబడనిది. తల్లికో తండ్రికో పార్కిన్సన్ వ్యాధి, అనగా మన పల్లెలలో వణుకుడు జబ్బు అని పిలువబడు రోగము వచ్చినప్పుడు, ఆ యింటనున్న చిన్నపిల్లల గతి యేమి? వారి విషయమున గ్రామము చేయగలిగినదేమి? ఇదియే నేటి ప్రసంగ విషయము.

మొదట నా అనుభవమొకటి చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామసభకు వెళ్ళితిని. హాజరు పుస్తకమున సంతకము చేయుటకు నలుబది రెండు, నలుబది మూడేండ్ల రైతొకడు ముందుకు వచ్చెను. అడుగులో అడుగు వేయుచు నడచెను. ఒక చేయి ఊగుచుండగా, రెండవ చేయి ప్రక్కకు అంటుకొనిపోయినట్లుండెను. ముఖమున నవ్వు లేదు, కోపము లేదు. సంతకము చీమల బారువలె సన్నగా, పోనుపోను మరింత చిన్నదిగా వచ్చెను. వెనుకనుండి యెవరో, “పొద్దున్నే వేసుకొచ్చాడు” అనిరి. సభలో నవ్వులు చెలరేగినవి. దాచుకొనుటయెందుకు, నేనును చిరునవ్వు నవ్వితిని.

అతని ప్రక్కన తొమ్మిదేండ్ల బాలిక నిలుచుండెను. బడి దుస్తులు ధరించియున్నది గాని చేత పుస్తకములు లేవు. ఆమె తలయెత్తి మమ్ములనందరిని ఒక్కసారి చూచి, తండ్రి చొక్కాచేయి పట్టుకొని బయటకు నడిపించుకొనిపోయెను. ఆ వేళ బడి జరుగుచునేయున్నది. సభ ముగిసిన తరువాత ఆరోగ్య కార్యకర్త వలన సంగతి తెలిసినది. అతడు త్రాగుబోతు కాడు. అప్పటికి రెండేండ్లుగా పార్కిన్సన్ వ్యాధితో బాధపడుచున్నాడు. తల్లి కూలికి పోవును. పదకొండు గంటల మాత్ర యిచ్చుటకు, చొక్కా గుండీలు పెట్టుటకు, పడిపోకుండ కనిపెట్టుటకు ఆ బాలికయే దిక్కు. కావున వారములో మూడు దినములు బడి మానుచున్నది. నాటి ఆ చూపు నేనింకను మరువలేదు. నేటి ఈ ప్రసంగమునకు కారణమదియే.

ఈ రోగము స్వభావము

లండను నగరమునందు వైద్యుడుగా నుండిన జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ వ్యాధిని గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. ఆయన పేరే దీనికి స్థిరపడినది. ఆయన జన్మదినమైన ఏప్రిల్ 11వ తేదీని ప్రపంచ పార్కిన్సన్ దినముగా పాటించుచున్నారు. మన ఆయుర్వేదమున దీనిని పోలిన రోగమును కంపవాతమని చెప్పుదురు.

మెదడు నడిమి భాగమున కొన్ని కణములు కలవు. అవి డోపమైన్ అను రసాయనమును తయారుచేయును. మనము తలచినంతనే చేయి కదలుటకు, అడుగు పడుటకు ఈ రసాయనము ఆవశ్యకము. కాలువ తలదగ్గర నీరు తగ్గిన కొలది చివరి పొలములు ఎండిపోవునట్లు, ఆ కణములు క్రమముగా నశించిన కొలది శరీరపు కదలిక మందగించును. తీరికగా ఉంచిన చేయి వణకుట, కండరములు బిగుసుకొనుట, ప్రతిపని నెమ్మదియగుట, మాట సన్నగిల్లుట, వ్రాత చిన్నదగుట, ముఖమున భావము కనబడకుండుట – ఇవి దీని గురుతులు. కొందరికి అసలు వణకేయుండదు. వాసన తెలియకపోవుట, మలబద్ధకము, నిద్రలో కేకలు వేసి కాళ్ళు చేతులు విసరుట వంటివి ఏండ్లకు ముందే కనబడవచ్చును.

ఇది ముదుసలుల రోగమని మనకొక నమ్మకము. అరువదేండ్లు దాటినవారికే యెక్కువగా వచ్చుమాట నిజము. కాని యేబదేండ్ల లోపున, కొందరికి నలుబదికి ముందే వచ్చుచున్నది. అట్టివారి యిండ్లలోనే బడియీడు పిల్లలుందురు. అట్టివారినే గ్రామము త్రాగుబోతులని, సోమరులని పొరబడును.

ఇది అంటువ్యాధి కాదు. గాలి సోకుట వలన గాని, చేతబడి వలన గాని, పూర్వజన్మ పాపము వలన గాని వచ్చినది కాదు. రోగి కంచములో అన్నము తినిన బిడ్డకు రాదు. వంశమున సంక్రమించుట కొన్ని కుటుంబములలో మాత్రమే కలదు. అధికభాగము రోగుల పిల్లలకు ఇది రాదు. పురుగుమందులతో, ముఖ్యముగా పారాక్వాట్ వంటి కలుపుమందుతో పనిచేయువారిలో ఈ వ్యాధి హెచ్చుగా కనబడుచున్నదని పలు పరిశోధనలు తెలిపినవి. ఫలానివానికి ఫలాని మందువలననే వచ్చినదని చెప్పలేము. అయినను తొడుగులు, ముసుగు లేక మందు కొట్టకుండుట, ఆ డబ్బాలను పిల్లలకు అందనీయకుండుట వివేకము.

వణకిన ప్రతి చేయియు పార్కిన్సన్ వ్యాధి కాదు. వాంతులకు, తలతిరుగుడుకు, మానసిక రోగములకు ఇచ్చు కొన్ని మాత్రలు సైతము ఇట్టి లక్షణములను కలిగించును. వైద్యుడు వానిని మార్చిన పిదప చాలమందికి నయమగును. చిన్నవయసువారిలో, శరీరమున రాగి పేరుకొనుటచేత వచ్చు విల్సన్ వ్యాధియు ఇట్లే కనబడవచ్చును. దానికి ప్రత్యేక చికిత్స కలదు. అందుచేత మొదటి పని వైద్యునికి చూపుట. భూతవైద్యమునకు, తాయెత్తులకు పోయిన నెలలు తిరిగి రావు.

మందు వేళ – మనిషి వేళ

ఈ వ్యాధిని సమూలముగా తీసివేయు మందు నేటివరకు లేదు. కాని బాధను తగ్గించు మందులు కలవు. వానిలో ముఖ్యమైనది లెవోడోపా. 1960–70 దశాబ్దపు చివరి భాగమునుండి ఇది వాడుకలోనికి వచ్చినది. మన చేలగట్లపై పెరుగు దూలగొండి గింజలయందును ఈ పదార్థము కలదు. అట్లని గింజలు నూరి స్వంతముగా త్రాగించుట ప్రమాదకరము. ఎంత పాలు శరీరమున చేరునో తెలియదు. మాత్రలతో కలసిన హెచ్చుతగ్గులగును.

ఈ మాత్ర వేళ తప్పరాదు. సాధారణముగా భోజనమునకు అరగంట ముందుగా వేయుదురు. పప్పు, గ్రుడ్డు, మాంసము వంటి మాంసకృత్తుల ఆహారముతో కలిపి తీసికొనిన కొందరికి సరిగా పనిచేయదు. వైద్యుడు చెప్పక హఠాత్తుగా మానుటయు అపాయమే. ఈ వర్గమునకు చెందిన కొన్ని మందుల వలన కొందరికి జూదముపై, ఖర్చుపై అదుపులేని కోరిక కలుగవచ్చును. ఎన్నడు లేనిది పేకాటకు పోవుచున్నాడని నిందించుటకు ముందు, ఆ సంగతి వైద్యునికి చెప్పవలెను.

మీరు ముఖ్యముగా గ్రహింపవలసినది మరియొకటి కలదు. మందు పనిచేయునంతసేపు రోగి నడచును, మాట్లాడును, పొలము వరకు పోయి వచ్చును. దాని బలము తగ్గిన వెంటనే మంచము దిగలేడు. గడపవద్దకు వచ్చి కాళ్ళు నేలకు అంటుకొనిపోయినట్లు నిలిచిపోవును. “ఇందాక నడిచినవాడు ఇప్పుడెందుకు నడవలేడు? అంతా నటన” అని ఊరనును. అది నటన కాదు, రోగలక్షణము. ఈ ఒక్క విషయము గ్రామమునకు తెలిసిన, ఆ కుటుంబమునకు సగము నింద తప్పును.

పిల్లల మనస్సున జరుగునది

రోగి బాధ పైకి కనబడును. పిల్లల బాధ కనబడదు. తండ్రి ముఖమున నవ్వు మాయమగును. అది ముఖపు కండరములు బిగుసుకొనుటచేత జరిగినదని ఐదేండ్ల బిడ్డకు తెలియదు. “నాన్నకు నా మీద కోపం” అని అనుకొనును. తల్లి గొంతు సన్నగిల్లి పిలుపు వినబడకపోయిన, “అమ్మ నన్ను పిలవడం మానేసింది” అని కుమిలిపోవును. తాను అల్లరి చేసినందువలననే వణకు వచ్చినదేమోయని భయపడును. కొంచెము పెద్దపిల్లలకు వేరు భయములు. నాన్న చనిపోవునా? ఈ రోగము నాకును వచ్చునా? అన్నము కలుపుచుండగా చేయి వణకి మెతుకులు చెదరుట తోటివారు చూచిరేమోయను సిగ్గు. ఆ సిగ్గు పడినందుకు తన మీద తనకే రోత. ఈ మాటలు పిల్లలు ఎవరితోను అనరు. అడిగిన తల్లి ఏడ్చునని వారికి తెలియును.

పెద్దలు మౌనముగా నుండుట మేలని తలంతురు. “ఇంటిగుట్టు లంకకు చేటు” అను సామెతను ఇచ్చట ప్రయోగింతురు. కాని రోగము గుట్టు కాదు. చెప్పనిచోట బిడ్డ తనంత తానే ఒక కథ అల్లుకొనును. ఆ కథ నిజముకంటె భయంకరముగా నుండును. కావున వయసునకు తగినట్లు నిజమే చెప్పవలెను. చిన్నబిడ్డతో, “నాన్న మెదడులో ఒక భాగానికి జబ్బు చేసింది. అందుకే చేయి వణుకుతుంది, ముఖం నవ్వదు. నీ వల్ల రాలేదు. నీకు అంటదు. నువ్వంటే నాన్నకు ఎప్పటిలాగే ఇష్టం” అని చెప్పిన చాలును. పెద్దపిల్లలకు వ్యాధి పేరు, మందు పేరు చెప్పి, వారు అడిగినదానికి బదులీయవలెను. “రేపటికి తగ్గిపోతుంది” అను వాగ్దానము మాత్రము చేయరాదు. ఈ రోగము చాల ఏండ్లు సాగును, మందుతో కొంత కుదుటపడును, డాక్టరుగారు చూచుచున్నారు – ఇదియే నిజము. ఒకసారి చెప్పి ఊరకుండక, బిడ్డ పెరిగిన కొలది మరల మరల చెప్పవలెను.

ఇంటిలో చిన్న సాయము చేయుట పిల్లలకు మంచిదే. చెంబుతో నీళ్ళు అందించుట, సాయంకాలము తండ్రితో నడచుట వారికి తృప్తి నిచ్చును. తాళము వేయుచు, “ఒకటి, రెండు” అని లెక్కపెట్టుచు నడచిన రోగి అడుగు సులువుగా పడును. కోలాటపు దరువు తెలిసిన మన పిల్లలకు ఇది ఆటవలె నుండును. కాని మాత్రల వేళకు పూచీ వహించుట, బరువైన మనిషిని లేవదీయుట, రాత్రులు మేల్కొని కావలియుండుట పసివారు మోయదగిన బరువులు కావు. దీనికి కొలబద్ద యొక్కటే: బిడ్డ చేయు సాయము దాని చదువును, ఆటను, నిద్రను హరింపరాదు.

రోగము తల్లికి వచ్చినప్పుడు మరియొక ప్రమాదము కలదు. వంటపని, తమ్ముళ్ళ పోషణ పెద్దకూతురిపై పడును. బడి ఆగిపోవును. పిమ్మట, “అమ్మ కళ్ళ ముందే ఒక అయ్య చేతిలో పెడదాం” అని బంధువులు తొందరపడుదురు. 18 ఏండ్లు నిండని బాలికకు పెండ్లి చేయుట 2006వ సంవత్సరపు బాల్యవివాహ నిషేధ చట్టము ననుసరించి నేరము. జబ్బు తల్లిది, దానికి శిక్ష కూతురు అనుభవించుట ఏమి న్యాయము? కొన్ని యిండ్లలో రోగియైన భార్యను పుట్టింటికి పంపివేయుటయు కలదు. అట్టిచోట పిల్లలు ఒక్కసారిగా తల్లిని కూడ పోగొట్టుకొందురు. పెద్దమనుష్యులుగా మీ మాట చెల్లవలసిన తావు లివియే.

దిగులు ఈ వ్యాధిలో ఒక భాగమనియు మరువరాదు. రోగికే గాక, సేవచేయు భార్యకు గాని భర్తకు గాని మనస్సు క్రుంగును. మానసిక ఆరోగ్య సలహాకై 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ కేంద్రమును 14416 నంబరుకు ఫోను చేసి సంప్రదింపవచ్చును.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, తెలిసికొనుట. ఆశా కార్యకర్త, ఆరోగ్య కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త – వీరికి ఇంటింటి సంగతి తెలియును. తల్లికో తండ్రికో దీర్ఘరోగము గల యిండ్లు, వానిలోని పిల్లలు ఎవరెవరో వారివలన తెలిసికొనవలెను. కాని ఆ పేర్లను గ్రామసభలో చదువరాదు. సాయము ఇంటికి నిశ్శబ్దముగా చేరవలెను.

రెండవది, వైద్యము. ప్రాథమిక ఆరోగ్య కేంద్రము నుండి జిల్లా ఆసుపత్రికి, అచ్చటినుండి నరముల వైద్యనిపుణుని వద్దకు రోగిని పంపునట్లు చూడవలెను. హైదరాబాదులోని నిమ్స్ వంటి పెద్ద సంస్థలయందు ఈ విభాగము కలదు. దూరప్రయాణము దుర్భరమైనవారికి ఇ-సంజీవని ద్వారా వైద్యునితో మాట్లాడు సౌకర్యమును గూర్చి ఆరోగ్య కార్యకర్తను అడుగవచ్చును.

మూడవది, ధ్రువపత్రము. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించినది. పార్కిన్సన్ వ్యాధి వానిలో ఒకటి. ఈ సంగతి చాలమందికి తెలియదు. కాలు చేయి లేనివారే వికలాంగులని తలంచి దరఖాస్తే చేయరు. 40 శాతమునకు తక్కువ కాని వైకల్యమున్నట్లు వైద్యులు ధ్రువీకరించినవారు పింఛను మున్నగు సదుపాయములకు దరఖాస్తు చేసికొనవచ్చును. వికలాంగుల పింఛనును నెలకు 6,000 రూపాయలుగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024లోను, 4,016 రూపాయలుగా తెలంగాణ ప్రభుత్వము 2023లోను పెంచినవి. పరీక్షాశిబిరమునకు రోగిని తోడ్కొనిపోవుటకు ఒక సభ్యుడు వెంట వెళ్ళిన, అది నూరు ఉపన్యాసములకు సమానము. మందు బలము తగ్గిన వేళ తన స్థితి యెట్లుండునో వైద్యునికి విడమరచి చెప్పుమని రోగికి ముందుగనే సూచింపవలెను.

నాలుగవది, పిల్లలకు ఆర్థికసాయము. కేంద్రప్రభుత్వపు మిషన్ వాత్సల్య పథకము క్రింద స్పాన్సర్‌షిప్ అను ఏర్పాటు కలదు. వ్యాధిచేత అశక్తులై పిల్లలను పోషింపలేని తల్లిదండ్రుల బిడ్డలకును ఇది వర్తించును. 2022 నాటి మార్గదర్శకముల ప్రకారము గ్రామములలో సంవత్సరాదాయము 72,000 రూపాయలు మించని కుటుంబముల పిల్లలకు నెలకు 4,000 రూపాయలు మంజూరు చేయవచ్చును. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు పంపవలెను. పిల్లల విషయమున అత్యవసరమైనచో 1098 నంబరు కలదు.

ఐదవది, బడి. ప్రధానోపాధ్యాయునితో సర్పంచి స్వయముగా మాట్లాడవలెను. ఆలస్యముగా వచ్చిన బిడ్డను దండింపక కారణము నడుగుమని, పాఠము వెనుకబడిన చెప్పించుమని, తోటివారు గేలిచేయకుండ చూడుమని కోరవలెను.

ఆరవది, ఇరుగుపొరుగుల సాయము. ఇందుకు నిధులక్కరలేదు. మహిళా సంఘ సభ్యులు వంతులు వేసికొని దినమునకొక అరగంట ఆ యింటికి పోయిన, పిల్ల బడికి పోవును. మరుగుదొడ్డిలో పట్టుకొనుటకు ఒక కమ్మి, గడపదగ్గర ఒక దీపము, కాళ్ళు నిలిచిపోవు తావున నేలపై అడ్డముగా సున్నపు గీతలు – ఆ గీతను దాటవలెనను తలంపుతో అడుగు పడును. పంచాయతీ కార్యాలయమున ఒక కుర్చీ. సంతకమునకు తొందరచేయని ఒక గుమాస్తా. ఇవి చిన్నపనులే, కాని ఆ యింటికి చిన్నవి కావు.

చివరిది, నాలుక. కాలు జారిన తీసికొనవచ్చును, నోరు జారిన తీసికొనలేమని పెద్దలందురు. రచ్చబండపై ఒక పరిహాసము విని ఊరకుండుట సమ్మతించుటయే. దానిని ఆపగలవారు మీరే.

మొదట చెప్పిన బాలిక సంగతి ముగించి సెలవు తీసికొందును. ఆరోగ్య కార్యకర్త, ప్రధానోపాధ్యాయుడు, వార్డు సభ్యురాలు కలసి ఒకనాటి సాయంకాలము ఆ యింటికి వెళ్ళిరి. పదకొండు గంటల మాత్ర నిచ్చు భారమును పొరుగింటి పిన్ని స్వీకరించినది. బాలిక ప్రతిదినము బడికి పోవ నారంభించినది. తండ్రికి రోగము పోలేదు. చేయి నేటికిని వణకుచున్నది. మరుసటియేడు ఆ గ్రామసభకు నేను తిరిగి వెళ్ళినప్పుడు అతడు వచ్చెను. ఒకరు లేచి కుర్చీ వేసిరి. మరియొకరు పుస్తకము ముందుకు జరిపి, “తొందరేం లేదు అన్నా, నిదానంగా పెట్టు” అనిరి. అతడు సంతకము చేయువరకు సభ నిశ్శబ్దముగా వేచియుండెను. ఆనాడు ఆతని ప్రక్కన కుమార్తె లేదు. ఆమె బడిలో నున్నది.

వ్యాధిని మాన్పుట మన చేతులలో లేదు. బిడ్డను బడిలో నుంచుట మన చేతులలో నున్నది. మీ గ్రామమునకు తిరిగిపోయిన పిమ్మట అట్టి యిల్లు ఒక్కటి కనుగొని, ఆ గడపలో అడుగిడుడని మిమ్ములను ప్రార్థించుచున్నాను.